ఒక బొమ్మల కథ, ఒక ఆయత్ సంఖ్య

బొమ్మల కథల పుస్తకాలు పిల్లల కాలక్షేపానికే గాని విజ్ఞుల పరిశీలనకు తగినవి కావన్న అభిప్రాయం మన సమాజంలో బలంగా ఉంది. ఈ అభిప్రాయానికి కారణాలు లేకపోలేదు. అయితే 2017 ఏప్రిల్ 5వ తేదీన అమెరికాలోని మార్వెల్ సంస్థ ప్రచురించిన ఒక బొమ్మల కథ సంచిక, దివ్య ఖుర్ఆన్‌లోని అల్ మాయిదా సూరా 51వ ఆయత్‌ను కొద్ది రోజుల్లోనే దేశదేశాల పత్రికల్లో చర్చనీయాంశం చేసింది. ఆ ఆయత్‌ను ఒక్కసారైనా చదివి ఎరుగని వారెందరో, అది అన్యమతస్థులను ద్వేషించమని బోధించే వాక్యమని భావించారు. ఈ భావన కలగడానికి కారకుడు ఇస్లాం విరోధి కాడు. ఖుర్ఆన్ మీద తనకున్న ప్రేమతోనే ఆ పని చేశానని చెప్పుకున్న ఒక ముస్లిం చిత్రకారుడు. అందుచేత ఈ విషయం మన పరిశీలనకు తగినదే గాక, మనం తప్పనిసరిగా పరిశీలించవలసినది కూడా.

ఆ పుస్తకం 'ఎక్స్-మెన్ గోల్డ్' మొదటి సంచిక. రచయిత మార్క్ గుగెన్‌హైమ్. చిత్రకారుడు ఇండోనేషియాలోని తూర్పు జావాకు చెందిన అర్దియన్ షాఫ్. ఆ సంచికలోని రచనను, చిత్రాలను విడివిడిగానూ కలిపీ తూచి, వాటి వెనుకనున్న చరిత్రను పాఠకుల ముందుంచడం ఈ వ్యాసం ఉద్దేశం. ప్రాణుల చిత్రాలు గీయడం విషయంలో ఫుఖహాల మధ్యనున్న అభిప్రాయభేదాలు వేరొక సందర్భంలో చర్చించదగినవి. వాటి జోలికి ఇక్కడ పోవడం లేదు.

ఉమ్మడి పని

కవి కావ్యానికి తానొక్కడే కర్త. అమెరికాలో పెద్ద సంస్థలు ప్రచురించే బొమ్మల కథ అటువంటిది కాదు. రచయిత ఏ పుటలో ఏ సంఘటన జరగాలో, ఎవరు ఏమి మాట్లాడాలో రాసి ఇస్తాడు. చిత్రకారుడు దానిని పెన్సిలుతో గీస్తాడు. మరొకరు ఆ గీతలపై సిరా దిద్దుతారు. ఈ సంచికలో ఆ పని జే లైస్టెన్ చేశారు. ఇంకొకరు రంగులు వేస్తారు. ఇక్కడ ఆయన ఫ్రాంక్ మార్టిన్. పాత్రల మాటలను బుడగల్లో రాసేవారు వేరు. వీరందరి పనినీ సరిచూసి అచ్చుకు పంపేవారు సంపాదకులు. ఒకరి ముఖం ఒకరు చూడకుండానే, వేర్వేరు దేశాల్లో కూర్చుని వీరంతా ఒకే పుస్తకాన్ని తయారు చేయవచ్చు. ఇండోనేషియాలోని తమ ఊళ్ళలోనే ఉండి అమెరికా సంస్థలకు బొమ్మలు గీసే చిత్రకారులు అనేకులున్నారు.

ఇక్కడ ఒక సూక్ష్మాన్ని గమనించాలి. బుడగల్లోని మాటలను సంపాదకులు ఒకటికి రెండుసార్లు చదువుతారు. కాని బొమ్మలో భాగంగా వచ్చే అక్షరాలు, అనగా దుకాణం పలకలు, బండి నంబర్లు, చొక్కాల మీది అంకెలు, సాధారణంగా చిత్రకారుని ఇష్టానికే వదిలివేయబడతాయి. వీధిని వీధిలా చూపడానికి అవి కావాలి. అంతకుమించి వాటికి అర్థముంటుందని ఎవరూ అనుకోరు. సహకర్తలు చిత్రకారునిపై ఉంచే ఈ నమ్మకాన్ని మన పరిభాషలో అమానత్ అనవచ్చు.

కనుక బొమ్మల కథను బేరీజు వేసేటప్పుడు అడగవలసిన మొదటి ప్రశ్న, మాట బాగుందా, గీత బాగుందా అన్నది మాత్రమే కాదు. మాటా గీతా కలిసి ఒకే సంగతి చెబుతున్నాయా అన్నది. రెండూ భిన్నంగా ఉంటే, ఆ భేదం చదువరికి తెలిసేటట్టుగా, కథకు బలం చేకూర్చేదిగా ఉన్నదా అన్నది.

కథ వెనుకనున్న చరిత్ర

ఎక్స్-మెన్ కథలు 1963లో ప్రారంభమైనాయి. సృష్టికర్తలు స్టాన్ లీ, జాక్ కర్బీ. ఇద్దరూ న్యూయార్కుకు వలసవచ్చిన యూదు కుటుంబాల బిడ్డలు. వారి అసలు పేర్లు స్టాన్లీ లీబర్, జేకబ్ కర్ట్జ్‌బర్గ్. పుట్టుకతోనే అసాధారణ శక్తులు గల కొందరు మనుషులను లోకం అనుమానించి, ద్వేషించి, వెంటాడుతుంది. అయినా వారు ఆ లోకాన్ని కాపాడడానికే తమ శక్తిని వినియోగిస్తారు. ఈ కథల సారాంశం ఇదే. 1975లో లెన్ వీన్ రచన, డేవ్ కాక్రమ్ చిత్రాలతో వెలువడిన ప్రత్యేక సంచికలో ఈ దళం పలు దేశాల వారితో నిండింది. ఆఫ్రికా మూలాలు గల స్టార్మ్, జర్మనీకి చెందిన నైట్‌క్రాలర్, సోవియట్ సమష్టి వ్యవసాయ క్షేత్రంలో పెరిగిన రైతు బిడ్డ కొలోసస్ అప్పుడు వచ్చిన వారే.

1980 జనవరి సంచికలో క్రిస్ క్లేర్‌మాంట్, జాన్ బర్న్ అనువారు కిట్టీ ప్రైడ్ అనే బాలికను ప్రవేశపెట్టారు. ఆమె యూదు మతస్థురాలు. 1981లో ఈ కథల్లోని ప్రధాన ప్రతినాయకుడు మాగ్నెటో, హిట్లర్ కాలపు ఆష్‌విట్జ్ మరణ శిబిరం నుండి ప్రాణాలతో బయటపడిన వాడని వెల్లడైంది. 1982లో క్లేర్‌మాంట్ రాసిన మరొక గ్రంథంలో ఒక మతబోధకుడు తన పవిత్ర గ్రంథంలోని వాక్యాలను ఆయుధంగా చేసుకుని, ఈ విలక్షణ మానవులపైకి జనాన్ని ఉసిగొల్పుతాడు. 2002లో గ్రాంట్ మారిసన్ రచనలో సూరయా ఖాదిర్ అనే అఫ్ఘన్ ముస్లిం బాలిక, నిఖాబు ధరించిన పాత్రగా ఈ దళంలోకి వచ్చింది.

అంటే 2017 నాటికి ఈ కథలకు యాభై ఏళ్ళకు పైబడిన ఒక సంప్రదాయం ఏర్పడింది. పుట్టుక కారణంగా, విశ్వాసం కారణంగా మనిషిని వెలివేయడం అన్యాయమన్నది దాని కేంద్ర భావం. ధర్మగ్రంథ వాక్యాన్ని సందర్భం నుండి తెంచి ద్వేషానికి వాడుకోవడం ఎటువంటి నేరమో కూడా ఈ కథలే ఒకప్పుడు చూపించాయి. ఈ సంగతి మనసులో ఉంచుకుని ఆ సంచికను తెరవాలి.

రచనా గుణం, చిత్ర గుణం

గుగెన్‌హైమ్ రచనలో గొప్ప నూతనత్వమేమీ లేదు. ఆయన ఉద్దేశం కూడా అది కాదు. అనేక సంవత్సరాలుగా చిక్కుముడులు పడిపోయిన కథను మళ్ళీ పాత పద్ధతికి, అంటే వీరులు ప్రజలను కాపాడడం, ప్రజలు వారిని అనుమానించడం, నడుమ నడుమ కుటుంబం వంటి ఆప్యాయత చూపడం అనే పద్ధతికి మళ్ళించాలని ఆయన సంకల్పం. ఈసారి దళానికి నాయకురాలు కిట్టీ ప్రైడ్. టెరాక్స్ అనే శత్రువుతో యుద్ధం, ఆ తరువాత తమను నమ్మని జనసమూహం ఎదుట నిలిచి కిట్టీ మాట్లాడడం, పిమ్మట దళమంతా కలిసి సాఫ్ట్‌బాల్ ఆడుకోవడం, చివర కొత్త శత్రుదళం రావడం, ఇదీ కథా క్రమం. ఈ వీరుల బంతాట క్లేర్‌మాంట్ కాలం నుండి వస్తున్న ఆనవాయితీ. పాత చదువరులకు అది పండుగ పూట ఇంటికి వెళ్ళినట్టుంటుంది. కిట్టీ ప్రసంగం మాత్రం కొంత పుస్తక భాషలా ఉంది. జనం మనసు మారడానికి కథలో తగిన కారణం చూపకుండా, మాటలతోనే పని జరిపించాలని రచయిత ప్రయత్నించారు. అయినా భావం సరళమైనది, నిజాయితీ గలది. సంఖ్యలో తక్కువైన ఒక జాతి తరఫున ఒక యూదు యువతి లేచి, మేమూ మీలాంటి మనుషులమే అని చెప్పడం ఆ సన్నివేశపు ప్రాణం.

చిత్రాల విషయంలో షాఫ్ చేయి తిరిగినవాడని ఒప్పుకోక తప్పదు. అంతకుముందే ఆయన మరొక పెద్ద సంస్థ డీసీ వారికి 'బ్యాట్‌గర్ల్' వంటి పుస్తకాలకు బొమ్మలు గీసి పేరు సంపాదించారు. ఆయన గీత శుభ్రంగా, స్పష్టంగా ఉంటుంది. శరీరాల పొందిక, పోరాటాల వేగం బాగా పట్టుకుంటారు. అన్నిటికంటే మెచ్చదగినది వీధుల చిత్రణ. భవనాలను, గుంపులను, దుకాణాలను ఆయన ఓపికగా గీస్తారు. నేపథ్యాన్ని ఖాళీగా వదిలి తప్పించుకోరు. అందుకే ఆయన గీసిన నగరం నిజమైన నగరంలా కనిపిస్తుంది. నిజమైన నగరంలో పలకలుంటాయి, పలకల మీద అక్షరాలుంటాయి. ఆయన ప్రతిభ ఎక్కడ వికసించిందో, అక్కడే ఆయన రహస్యానికీ చోటు దొరికింది.

చొక్కా మీద, పలక మీద

బంతాట సన్నివేశంలో కొలోసస్ ధరించిన చొక్కా మీద 'ఖ్యూఎస్ 5:51' అని ఆంగ్లాక్షరాల్లో ఉంది. ఇండోనేషియాలో ఖుర్ఆన్ సూరాను సూచించడానికి ఈ రెండక్షరాలు వాడుతారు. 5వ సూరా అల్ మాయిదా, 51వ ఆయత్ అని అర్థం. కిట్టీ ప్రసంగించే బొమ్మలో వెనుకనున్న దుకాణం మీద 212 అనే అంకె, గుంపులో ఒకరి చొక్కా మీద 51 అనే అంకె కనబడతాయి. అదే బొమ్మలో ఒక నగల దుకాణం పలక కిట్టీ తలకు పక్కగా వచ్చింది. నగలు అనే ఆంగ్ల పదంలోని మొదటి మూడక్షరాలకు ఆ భాషలో యూదు అని అర్థం. ఆ మూడక్షరాలు ఆమె తల పక్కన ప్రస్ఫుటంగా కనిపించే తీరును చాలామంది యాదృచ్ఛికమని నమ్మలేదు.

ఈ గుర్తులను ముందుగా కనిపెట్టినవారు ఇండోనేషియా పాఠకులే. అమెరికా సంపాదకులకు ఇవి అర్థం లేని అంకెలు. ఇండోనేషియా పాఠకునికి మాత్రం ఆనాడు అవి మంటల్లాంటి మాటలు. కారణం తెలియాలంటే జకార్తాకు వెళ్ళాలి.

జకార్తాలో జరిగినది

బాసుకీ త్జహాజా పూర్ణమ, ప్రజల వాడుకలో అహోక్, చైనా సంతతికి చెందిన క్రైస్తవుడు. 2014లో జోకో విడోడో దేశాధ్యక్షుడైనప్పుడు, ఆయన స్థానంలో అహోక్ జకార్తా గవర్నరు అయినారు. 2016 సెప్టెంబరు 27న జకార్తా సమీపాన గల దీవుల్లో ప్రజలతో మాట్లాడుతూ, అల్ మాయిదా 51వ ఆయత్‌ను వాడుకొని కొందరు మిమ్మల్ని మోసగించవచ్చు అనే అర్థం వచ్చే మాట ఆయన అన్నారు. ముస్లిమేతరుణ్ణి నాయకునిగా ఎన్నుకోరాదని ఆ ఆయత్ ఆధారంగా ప్రచారం జరుగుతున్న రోజులవి. ఆ ప్రసంగాన్ని ప్రచారంలో పెట్టిన ఒక వ్యక్తి, దానిని అక్షరబద్ధం చేసేటప్పుడు 'వాడుకొని' అనే అర్థమిచ్చే ఒక్క మాటను వదిలివేశాడు. ఆ మాట పోగానే, ఆయత్‌తో మోసం చేసే మనుషుల మీది ఆరోపణ కాస్తా, ఆయతే మోసమన్న నిందగా మారిపోయింది. ఒక్క పదం లోపిస్తే అర్థం ఎంతగా తలకిందులవుతుందో చెప్పడానికి ఇంతకంటే నిదర్శనం అక్కరలేదు. ఆ వ్యక్తికి తరువాత న్యాయస్థానం ఏడాదిన్నర శిక్ష విధించింది.

2016 అక్టోబరు 11న ఇండోనేషియా ఉలమా మండలి, అహోక్ మాటలు ఖుర్ఆన్‌ను, ఉలమాను అవమానించేవేనని అభిప్రాయం ప్రకటించింది. ముహమ్మదియా సంస్థకు పూర్వాధ్యక్షులైన అహ్మద్ షాఫీ మఆరిఫ్ వంటి పెద్దలు, అందులో అవమానమేమీ లేదని బాహాటంగా అన్నారు. నవంబరు 4న, డిసెంబరు 2న జకార్తాలో బ్రహ్మాండమైన ప్రదర్శనలు జరిగాయి. రెండవ తేదీ, పన్నెండవ నెల కావడం చేత ఆ ఉద్యమానికి 212 అనే పేరు స్థిరపడింది. 2017 ఫిబ్రవరి 15న తొలివిడత ఎన్నిక, ఏప్రిల్ 19న తుది విడత జరిగాయి. అనీస్ బస్వేదన్ గెలిచారు. మే 9న న్యాయస్థానం అహోక్‌కు దైవదూషణ నేరంపై రెండేళ్ళ జైలుశిక్ష విధించింది. 2019 జనవరిలో ఆయన విడుదలైనారు.

ఎక్స్-మెన్ సంచిక ఏప్రిల్ 5న వెలువడింది. తుది ఎన్నికకు అప్పటికి సరిగ్గా రెండు వారాలు. కాబట్టి చొక్కా మీది 5:51, గోడ మీది 212 భక్తి చిహ్నాలని మాత్రమే అనుకోవడానికి వీలులేదు. అవి ఒక ఎన్నికలో ఒక పక్షపు నినాదాలు. ఒక దేశపు ఎన్నికల గోడరాతలను చిత్రకారుడు తనను నమ్మి పని అప్పగించిన వారికి తెలియకుండా, మరొక దేశపు పిల్లల పుస్తకంలోకి చేరవేశారు.

ఆయత్ ఏమంటున్నది?

అల్ మాయిదా 51వ ఆయత్‌లో విశ్వాసులను సంబోధించి, యూదులను, క్రైస్తవులను 'ఔలియా'గా చేసుకోవద్దని ఆదేశం ఉంది. ఔలియా అనేది 'వలీ'కి బహువచనం. ఈ మాట మన ఇళ్ళలో వినబడేదే. నికాహ్‌లో పెళ్ళికూతురి తరఫున నిలిచేవారిని వలీ అంటాం. దైవ సాన్నిధ్యం పొందిన మహనీయులను ఔలియా అంటాం. దగ్గరితనం, సంరక్షణ, అధికారం, విధేయతతో కూడిన మైత్రి, ఇవన్నీ ఆ ధాతువులో ఇమిడి ఉన్నాయి. దానిని 'స్నేహితులు' అనే ఒక్క మాటతో సరిపెడితే ఇరుగుపొరుగుతో మాటామంతీ కూడా నిషిద్ధమేమోనన్న భ్రమ కలుగుతుంది. 'నాయకులు' అని తర్జుమా చేస్తే ఓటు విషయంలో ఫత్వాలా ధ్వనిస్తుంది. ఇండోనేషియా ప్రభుత్వ మత వ్యవహారాల శాఖ వారి పాత అనువాదంలో నాయకులు అనే అర్థమిచ్చే మాట ఉండగా, తరువాతి సవరణలో విశ్వాసపాత్ర మిత్రులు అనే అర్థమిచ్చే మాట వచ్చింది. ఆ దేశపు సుప్రసిద్ధ ముఫస్సిర్ ఖురైష్ షిహాబ్, ఈ పదపు విస్తృతిని తన వ్యాఖ్యానంలో వివరించారు.

అవతరణ సందర్భాన్ని గురించి ఇమామ్ తబరీ ఒకటి కంటే ఎక్కువ ఉల్లేఖనాలు పేర్కొన్నారు. వాటిలో ప్రసిద్ధమైనది హజ్రత్ ఉబాదా బిన్ సామిత్ (రజి)కు సంబంధించినది. మదీనాలో యుద్ధ వాతావరణం నెలకొన్నప్పుడు, ఆయన తన పూర్వపు యూదు మిత్రకూటమితో ఒడంబడికను వదలుకుని, అల్లాహ్ పక్షాన, ఆయన ప్రవక్త (స) పక్షాన నిలిచారు. కపట విశ్వాసుల నాయకుడు అబ్దుల్లాహ్ బిన్ ఉబయ్ మాత్రం, రేపు పరిస్థితి ఎలా తిరుగుతుందోనన్న భయంతో పాత కూటమినే పట్టుకుని వేలాడాడు. ఉహుద్ తరువాతి కలవరంలో ఇతరుల రక్షణ కోరదలచిన వారిని గురించి అని మరొక ఉల్లేఖనం. ఏ ఉల్లేఖనాన్ని తీసుకున్నా, నేపథ్యం యుద్ధకాలపు రాజకీయ విధేయతే.

ఈ ఆయత్ ఆదేశం ఆ ఒక్క కాలానికే పరిమితమా, అన్ని కాలాలకూ వర్తిస్తుందా, వర్తిస్తే ఏ మేరకు అన్నది ఉలమా విచారణాంశం. అభిప్రాయభేదాలు ఉన్నాయి, ఉంటాయి. కాని దీనిని తక్కిన ఖుర్ఆన్ నుండి వేరుచేసి చదవడానికి మాత్రం ఏ ముఫస్సిర్ ఒప్పుకోరు. ఇదే సూరాలో 5వ ఆయత్ గ్రంథవహుల భోజనాన్ని ముస్లిములకు హలాల్ చేసింది, వారి శీలవతులైన స్త్రీలతో వివాహాన్ని అనుమతించింది. యూదు లేక క్రైస్తవ స్త్రీ ముస్లిం ఇంట ఇల్లాలు, పిల్లలకు తల్లి కావచ్చునని చెప్పిన సూరాయే, ఆమె జాతి మొత్తాన్ని ద్వేషించమని చెబుతుందా? అల్ ముమ్తహినా సూరా 8వ ఆయత్, మనతో ధర్మం విషయంలో యుద్ధం చేయని వారి పట్ల, మనను ఇళ్ళ నుండి వెళ్ళగొట్టని వారి పట్ల సౌజన్యం, న్యాయం చూపడాన్ని అల్లాహ్ వారించడం లేదని స్పష్టపరచింది.

ఇంత విస్తారమైన విషయాన్ని మూడంకెలుగా కుదించి చొక్కా మీద రాస్తే ఏమవుతుంది? అర్థం పోయి గుర్తు మిగులుతుంది. ఆ గుర్తును ఎవరు ఎలా వాడితే అదే అర్థమవుతుంది. ఆ వారంలో 5:51 అంటే యూదులతో, క్రైస్తవులతో స్నేహం వద్దని చెప్పే వాక్యమని పాశ్చాత్య పత్రికలు ఒక్క ముక్కలో తేల్చివేశాయి. వారిని తప్పుపట్టడానికి మనకు పెద్దగా అవకాశం లేదు. వివరణ లేని అంకెను వారి చేతిలో పెట్టినది మనవాడే.

బొమ్మలో అక్షరాలు: బిహ్జాద్ చేసిన పని

చిత్రంలో ప్రత్యేకార్థం గల అక్షరాలను చేర్చడమే తప్పా అని కొందరు అడగవచ్చు. కాదు. ముస్లిం గ్రంథకళా చరిత్రలోనే దీనికి అందమైన ఉదాహరణ ఉంది. హిజ్రీ 893లో, అనగా 1488లో, హిరాత్ నగరాన సుల్తాన్ హుసైన్ బైఖరా ఆస్థానంలో షేక్ సాదీ 'బూస్తాన్' ప్రతి ఒకటి తయారైంది. ఇప్పుడది కైరోలో ఉంది. దానికి బొమ్మలు గీసినవారు కమాలుద్దీన్ బిహ్జాద్. అందులో హజ్రత్ యూసుఫ్ (అ), జులైఖా వృత్తాంతపు చిత్రం జగత్ప్రసిద్ధం. సాదీ కవితలో ఆ ఘట్టం క్లుప్తంగా ఉంది. బిహ్జాద్ తన కాలపు మహాకవి జామీ వర్ణించిన గది వెంట గది గల భవనాన్ని, మూసిన తలుపులను గీసి, ఆ గోడల మీది శాసనాల్లో జామీ పద్యాలను కూడా రాశారు. అంటే రచయిత చెప్పని మాటను చిత్రకారుడు గోడ మీద రాశారు.

షాఫ్ చేసినదీ పైకి చూస్తే ఇదే. కాని భేదం ఎంత ఉందో చూడండి. బిహ్జాద్ చేర్చిన పద్యాలు సాదీ చెప్పిన నీతినే బలపరుస్తాయి. తలుపులన్నీ మూసినా అల్లాహ్ దృష్టికి మూత లేదన్న ఎరుకను ఆ గదుల చిత్రం కంటికి కట్టిస్తుంది. పారశీకం తెలిసిన ఎవరైనా వాటిని చదువుకోవచ్చు. పోషకునికి తెలియని రహస్యం అందులో లేదు. ఆ చిత్రంలో బిహ్జాద్ అణకువతో చిన్నదిగా చేసి మరుగున ఉంచినది ఒక్క తన పేరును. షాఫ్ చేర్చిన అంకెలు రచయిత మాటకు ఎదురు తిరుగుతాయి. మేమూ మనుషులమే అని ఒక యూదు యువతి చెబుతూండగా, ఆమె వెనుక గోడ ఆమెను నమ్మవద్దని కొందరి చెవిలో గుసగుసలాడుతుంది. పైగా కొలోసస్ పాత్రకు ఆ చొక్కా ఏ విధంగానూ అతకదు. అతడు సోవియట్ పల్లెలో పెరిగినవాడు, అన్నిటికీ మించి ఏళ్ళ తరబడి కిట్టీని ప్రేమించినవాడు. అతని గుండె మీద ఆ అంకెలు ఆ రోజుల్లో ఉన్న అర్థంతో నిలవడం కథనే కాదనడం. మత ప్రసక్తి పక్కన పెట్టి, కేవలం కళాదృష్టితో చూసినా ఇది దోషమే.

మరొక మొదటి సంచిక

ముస్లిం తన విశ్వాసాన్ని, సంస్కృతిని ఇటువంటి పుస్తకాల్లోకి తీసుకురావడానికి చాటుమాటు దారి తప్ప వేరే లేదా? అదే మార్వెల్ సంస్థ 2014 ఫిబ్రవరిలో 'మిస్ మార్వెల్' మొదటి సంచిక ప్రచురించింది. రచయిత్రి జి. విల్లో విల్సన్ ఇస్లాం స్వీకరించిన అమెరికన్ మహిళ. సంపాదకురాలు సనా అమానత్. చిత్రకారుడు ఏడ్రియన్ అల్ఫోనా. కథానాయిక కమలా ఖాన్, జెర్సీ సిటీలో పెరుగుతున్న పాకిస్తానీ కుటుంబపు పదహారేళ్ళ అమ్మాయి.

ఆ సంచికలో మొదటి దృశ్యమే కమలా హరామ్ అయిన మాంసాన్ని వాసన మాత్రం చూస్తూ నిలబడడం. భోజనాల దగ్గర అన్న ఆమిర్ సుదీర్ఘంగా దుఆ చేస్తుంటే, ఉద్యోగం వెతుక్కోకుండా తప్పించుకోవడానికా ఇదంతా అని తండ్రి చురక వేస్తాడు. తలపై వస్త్రం ధరించే స్నేహితురాలు నకియాను ఒక సహవిద్యార్థిని, నాన్న బలవంతమా అని జాలిగా అడిగితే, మా నాన్న దీనిని తీసేయమంటున్నాడని ఆమె బదులిస్తుంది. కమలాకు పొగమంచులో కనిపించే దర్శనంలో, ఆమె ఆరాధించే వీరవనిత నోట హజ్రత్ అమీర్ ఖుస్రో పేరిట ప్రసిద్ధమైన వసంత గీతం వినిపిస్తుంది. అల్ఫోనా ఆ దృశ్యాన్ని ఐరోపా మతచిత్రాల పద్ధతిలో అమర్చారు. రెండు సంస్కృతుల మధ్య పెరిగే పిల్ల మనసు ఎలా ఉంటుందో మాటా బొమ్మా కలిసి చెబుతాయి. నిజామీయా ఖవ్వాలీ విన్నవారికి ఆ పాట తెలుస్తుంది. తెలియనివారికి అది పాటగానే అందుతుంది. ఎవరికీ వ్యతిరేకంగా అందులో రహస్యం లేదు.

ఆ పుస్తకంలోని ప్రతి సంగతినీ మనం ఆమోదించనక్కరలేదు. ఇంట్లో చెప్పకుండా రాత్రివేళ వేడుకకు పోయే అమ్మాయి కథ తల్లిదండ్రులకు రుచించకపోవచ్చు. అయితే అందులోని ముస్లిములు నవ్వుతారు, వాదించుకుంటారు, నమాజు చదువుతారు, తప్పు చేస్తారు, సిగ్గుపడతారు. వారు మన ఇళ్ళలోని మనుషులే. తొలి సంపుటికి 2015లో హ్యూగో పురస్కారం లభించింది. అదే ఏడాది జనవరిలో సాన్‌ఫ్రాన్సిస్కో బస్సులపై ఇస్లాంను దూషించే ప్రకటనలు వెలసినప్పుడు, గుర్తు తెలియని కొందరు వాటిపై కమలా బొమ్మ అతికించి, ద్వేషానికి ఎదురు మాట రాశారు. బొమ్మల కథ ముస్లిముల పరువు కాపాడడానికి పనికి వచ్చిన సందర్భమది. రెండేళ్ళ తరువాతి సందర్భం దానికి విపర్యయం.

పర్యవసానం, తీర్పు

సంచిక వెలువడిన వారంలోపలే మార్వెల్ సంస్థ, ఆ గుర్తులు తమకు తెలియకుండా చేరాయని ప్రకటించి, తరువాతి ముద్రణల నుండి వాటిని తొలగించింది. షాఫ్‌తో ఒప్పందం రద్దు చేసింది. తన వృత్తి జీవితం ముగిసిందని ఆయనే ప్రకటించారు. తనకు యూదులపైనా, క్రైస్తవులపైనా ద్వేషం లేదని, ఆ అంకెలు న్యాయానికి, ఖుర్ఆన్‌పై ప్రేమకు గుర్తులని ఆయన చెప్పుకున్నారు. కాని యూదుల మనసు నొచ్చితే క్షమాపణ ఉండదన్న ధోరణిలో పత్రికల వారితో మాట్లాడడం, ఆయన మాటను ఆయనే బలహీనపరచినట్టయింది. విల్సన్ కూడా ఈ విషయమై బహిరంగంగా రాసి, ఔలియా అనే మాటను స్నేహితులు అని తేల్చివేయడం పొరపాటని వివరిస్తూనే, చిత్రకారుని చర్యను గట్టిగా ఖండించారు.

ఆయన హృదయంలో ఏముందో నిర్ణయించే అధికారం మనకు లేదు. అది అల్లాహ్‌కే తెలుసు. మన ముందున్నది ఆయన పని. ఆ పనిని బట్టి చెప్పవలసి వస్తే, ఈ సంచికలో రచన సాధారణం, సదుద్దేశం గలది. చిత్రాలు నేర్పు గలవి, కాని నమ్మకాన్ని వమ్ము చేసినవి. జకార్తా గవర్నరు పదవికి ఎవరు అర్హులన్న విషయంలో షాఫ్‌కు ఒక అభిప్రాయం ఉండడం తప్పు కాదు. తన పేరుతో, తన భాషలో, తన కాగితంపై ఆయన దానిని చెప్పి ఉండవచ్చు. ఇతరుల పుస్తకంలో, ఇతరుల పేర్ల కింద, వారికి తెలియకుండా చెప్పడమే అభ్యంతరకరం. ఆ అంకెలపై సిరా దిద్దినవారు, రంగు వేసినవారు, మాటలు రాసినవారు తాము ఏ సాక్ష్యానికి సంతకం చేస్తున్నారో ఎరుగరు. కళాకారుని స్వేచ్ఛ అనే వాదం ఇక్కడ నిలవదు. తక్కిన నలుగురి స్వేచ్ఛను అది ఆ పాటికే హరించింది.

దీనివల్ల దీన్‌కు జరిగిన మేలు ఏమిటని కూడా అడగాలి. ఒక్క హృదయమైనా ఖుర్ఆన్ వైపు మళ్ళినట్టు తోచదు. వివరంగా, ప్రేమగా, సందర్భసహితంగా అందవలసిన ఒక ఆయత్, మొదటి పరిచయంలోనే అపవాదుతో అందింది.

అల్ మాయిదా సూరాలో 120 ఆయత్‌లున్నాయి. చిత్రకారునికి అందులో 51వది జ్ఞాపకం వచ్చింది. ఆ సూరాలోని మొట్టమొదటి ఆయత్, చేసుకున్న ఒడంబడికలను నెరవేర్చండని విశ్వాసులను ఆదేశించడంతోనే మొదలవుతుంది. 8వ ఆయత్, ఏ జాతిపైనైనా మీకున్న వైరం మిమ్మల్ని న్యాయం తప్పేటట్టు చేయరాదని హెచ్చరిస్తుంది. 51వ ఆయత్‌ను చేరడానికి ఈ రెంటినీ దాటి రావలసిందే.